సొంత రౌటర్ వైఫైకి టీవీ బాక్స్ కలిపితే యూట్యూబ్ వస్తోంది, ఛానళ్లు రావట్లేదు (శ్రీకాకుళం)

నాగావళి_గట్టు · శ్రీకాకుళం

నమస్తే అందరికీ. మాది బలగ వైపు. కింద అమ్మా నాన్నా, మేడ మీద మేము. ఫైబర్ కనెక్షన్ కింద హాల్లోకి వస్తుంది, కంపెనీ వాళ్లు బిగించిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ తీగ వచ్చి ఆగేది) టీవీ స్టాండు పక్కన గోడకి ఉంది. దాని వైఫై మెట్ల మలుపు దాకా వచ్చి అక్కడితో సరి. శ్లాబ్ వల్లో, మధ్యలో ఉన్న ఇనప బీరువాల వల్లో గానీ పైకి రాదంటే రాదు. అందుకని నేనే ఒక డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రౌటర్ కొని, ఇల్లు కట్టినప్పుడు గోడలో వేయించిన సన్న పైపులోంచి కేబుల్ లాగించి పైన పెట్టుకున్నాను. ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ హాయిగా నడుస్తున్నాయి.

తలనొప్పంతా టీవీ బాక్సులతోనే. పైన రెండున్నాయి. హాల్లో ఉన్నది ఫైబర్ కంపెనీ ఇచ్చిన బాక్స్. బెడ్రూంలో ఉన్నది డిష్ బాక్స్, లోపల ఆండ్రాయిడ్ ఉంటుందే, ఆ రకం.

ఫైబర్ బాక్స్ నా రౌటర్ వైఫైకి కలిసింది. పాస్‌వర్డ్ తీసుకుంది, "కనెక్టెడ్" అని చూపిస్తోంది, యూట్యూబ్ కూడా ఆడుతోంది. కానీ ఏ ఛానల్ పెట్టినా నల్ల తెరే, ఓ నిమిషం తిరిగి తిరిగి ఎర్రర్ ఇస్తుంది. డిష్ బాక్స్‌లో ఛానళ్లు మామూలుగా వస్తున్నాయి గానీ, యాప్‌ల కోసం వైఫై పెడదామంటే నా రౌటర్ పేరే లిస్టులో లేదు. పక్కింటి వాళ్ల వైఫైలన్నీ చూపిస్తుంది, మా ఇంట్లోదే దానికి కనబడదు!

కాల్ సెంటర్‌కి చేస్తే "బయటి రౌటర్‌కి సపోర్ట్ లేదు సార్, మా డబ్బాకే పెట్టుకోండి" అని పెట్టేశారు. రౌటర్ అమ్మిన షాపులో అడిగితే బాక్స్‌దే ప్రాబ్లం అంటారు. ఎవరిని నమ్మాలి?

ఆమదాలవలస_ప్యాసింజర్

ఇద్దరూ నిజమే చెప్తున్నారు బాబూ, ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. నేను మాత్రం పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నాను, పెద్దలు రానీండి.

రాజాం_రౌటర్

బ్రో సింపుల్. రౌటర్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్, 2.4కి ఒక పేరు, 5కి ఒక పేరు పెట్టు, బాక్స్‌ని 5కి కలుపు. అప్పటికీ రాకపోతే మెష్ కొనెయ్, అదే, ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైలా కలిపే డబ్బాల సెట్టు. ఈ రోజుల్లో మెష్ లేకుండా మేడ ఇంట్లో వైఫై అంటే కష్టమే.

మూడులాంతర్లు · విజయనగరం

మెష్ కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. నాగావళి గారూ, మీవి రెండు వేర్వేరు సమస్యలు, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. రెండూ ఒకేసారి కెలికితే ఏది దేనివల్ల బాగయిందో తెలీదు, విడివిడిగా చూద్దాం.

అసలు టీవీ బాక్స్ అనే మాటలో మూడు రకాల సరుకు కలిసిపోయింది. ఒకటి, ఛానళ్లు డిష్ నుంచి గానీ కేబుల్ వైరు నుంచి గానీ వచ్చే బాక్స్. దానికి వైఫై యాప్‌ల కోసమే. ఎవరి రౌటర్ అయినా పర్లేదు, పక్కింటోళ్లది పెట్టినా నడుస్తుంది. రెండోది, మామూలు ఇంటర్నెట్ మీద యాప్ లాగా ఛానళ్లు ఆడించేది. దీనికీ రౌటర్ ఎవరిదన్నది లెక్కలోకి రాదు, స్పీడ్ ఉంటే చాలు. మూడోదే చిక్కు. ఫైబర్ కంపెనీ తన సొంత లైనులో, ఇంటర్నెట్‌తో కలపకుండా పక్కన ఇంకో దారిలో ఛానళ్లు పంపిస్తుంది. ఆ దారిలో కలిపితేనే బాక్స్‌కి ఛానళ్లు. వైఫై కలిసిందా లేదా అన్నది దానికి పట్టదు, ఏ నెట్‌వర్క్‌లో కలిసింది అన్నదే ముఖ్యం.

మీ ఫైబర్ బాక్స్ మూడో రకం అని నా అనుమానం. తేల్చుకోవడం తేలికే. బాక్స్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ స్టేటస్ అని ఉంటుంది, అక్కడ ఐపీ అడ్రస్ ఎంతో రాసుకోండి. తర్వాత ఆ బాక్స్‌ని కిందికి పట్టుకెళ్లి ఓఎన్‌టీకి కేబుల్‌తో గుచ్చి మళ్లీ చూడండి. ఓఎన్‌టీ కింద వరసగా నాలుగు పోర్టులుంటాయి కదా, ఒక్కోదాంట్లో పెట్టి చూడండి. ఒక జాగ్రత్త: ఆకుపచ్చ కొన ఉన్న సన్న తీగ ఫైబర్, దాన్ని లాగొద్దు, మడవొద్దు. అది తెగితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఇక లైన్‌మ్యాన్ వచ్చేదాకా నెట్టూ లేదు, టీవీ లేదు.

నాగావళి_గట్టు

చూశానండి. వైఫై మీద ఉన్నప్పుడు ఐపీ 192.168.0.107. కిందికి తీసుకెళ్లి గుచ్చితే మొదటి పోర్టులో 192.168.1తో మొదలయ్యేది వచ్చింది, ఛానళ్లు లేవు, యూట్యూబ్ ఉంది. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగో పోర్టు మీద చిన్న కాగితం అతికించి పెన్నుతో "టీవీ" అని రాసి ఉంది, దుమ్ము పట్టి ఇన్నాళ్లూ నా కంట పడలేదు. అందులో పెడితే ఐపీ 10తో మొదలైంది, బాక్స్ ఒకసారి రీస్టార్ట్ అయి ఛానళ్లన్నీ టకటకా వచ్చేశాయి. హెచ్‌డీ కూడా. విచిత్రం ఏంటంటే ఇప్పుడు యూట్యూబ్ లేదు!

మూడులాంతర్లు

దొరికింది దొంగ. మూడో రకమే.

మీ ఇంటికొచ్చే ఫైబర్ ఒక్కటే, కానీ కంపెనీ దాని మీద రెండు వీల్యాన్‌లు, అంటే ఒకదానితో ఒకటి కలవని రెండు నెట్‌వర్క్‌లు నడుపుతోంది. ఆమదాలవలస స్టేషన్లో ఒకే పట్టాల మీద గూడ్సూ పోతుంది, ప్యాసింజరూ పోతుంది, గూడ్సులో ఉన్న బస్తా ప్యాసింజర్‌లోకి రాదు కదా, అలాగన్నమాట. ఒక వీల్యాన్ ఇంటర్నెట్, ఇంకోటి టీవీ. మొదటి మూడు పోర్టులూ, ఓఎన్‌టీ వైఫై అంతా ఇంటర్నెట్ వైపు. నాలుగోది టీవీ వైపు. మీ సొంత రౌటర్ ఇంటర్నెట్ పోర్టు నుంచి బయల్దేరింది, కాబట్టి దాని కింద ఏది కలిపినా, వైఫైతో అయినా వైరుతో అయినా, టీవీ వైపు చూడలేదు. రౌటర్ రీసెట్ కొట్టినా, మెష్ పెట్టినా, ఇంకో కంపెనీ రౌటర్ కొన్నా ఇదే కథ. కాల్ సెంటర్ వాళ్లు "సపోర్ట్ లేదు" అన్నది దీని గురించే, ఆ ముక్క విడమరిచి చెప్తే మీకింత తిరుగుడు ఉండేది కాదు.

ఆమదాలవలస_ప్యాసింజర్

మా స్టేషన్ పేరు వాడినందుకు రాయల్టీ ఇవ్వాలి మాస్టారూ.

రాజాం_రౌటర్

ఓకే ఒప్పుకుంటా వీల్యాన్ సంగతి. కానీ పాత రౌటర్ ఒకటి ఏదైనా ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై పంచడానికి మాత్రమే) ఆ నాలుగో పోర్టుకి కలిపి, "టీవీ" అని వేరే వైఫై పేరు పెట్టేస్తే అయిపోతుంది కదా? బాక్స్ దానికి కలుస్తుంది, డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆఫ్ చేస్తే ఐపీ కంపెనీ వైపు నుంచే వస్తుంది. కేబుల్ గొడవే లేదు.

మూడులాంతర్లు

ఆలోచన మంచిదే, కొన్ని ఇళ్లలో నడుస్తుంది కూడా. నడవని చోట ఎందుకు నడవదో చెప్తాను, ఇది చాలామందికి తెలియని ముక్క.

ఇలాంటి లైన్లలో లైవ్ ఛానల్ సాధారణంగా మల్టీకాస్ట్‌లో వస్తుంది. సర్వర్ ఒక్కో ఇంటికీ విడిగా పంపదు. ఛానల్‌కి ఒకే ధార ఉంటుంది, దాని అడ్రస్ 224 నుంచి 239 మధ్య మొదలయ్యేది. మీ బాక్స్ "నాక్కూడా ఇది కావాలి" అని ఐజీఎంపీ అనే పద్ధతిలో అడుగుతుంది, ఆ ధార ఇటు కూడా తిరుగుతుంది. ఛానల్ మారిస్తే పాతది వదిలి కొత్తది అడుగుతుంది. వైరు మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. వైఫైకి వచ్చేసరికి తేడా కొడుతుంది. మామూలు డేటా పంపేటప్పుడు రౌటర్ ప్రతి ప్యాకెట్‌కీ "అందింది" అని జవాబు కోసం చూస్తుంది, అందకపోతే మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్‌కి ఆ జవాబు లేదు, పోయింది పోయినట్టే. పైగా ఎవరెంత దూరంలో ఉన్నారో తెలీదు గనక దాన్ని అన్నిటికన్నా తక్కువ స్పీడ్‌లో పంపుతుంది. ఆ కింది స్పీడ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 ఎంబీపీఎస్ దాకా, 5లో 6 ఎంబీపీఎస్ దాకా దిగిపోవచ్చు. హెచ్‌డీ ఛానల్ ఒక్కటే 6 నుంచి 8 ఎంబీపీఎస్ తినే చోట అదెలా పడుతుంది? పట్టదు. అందుకే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవడం, మాట తెగిపోవడం. దాంతోపాటు అదే వైఫై ఛానల్‌లో ఉన్న మిగతా పరికరాలు కూడా నత్తనడక నడుస్తాయి.

కొన్ని రౌటర్లలో మల్టీకాస్ట్‌ని యూనికాస్ట్‌గా, అంటే ఒక్కో పరికరానికి విడిగా మార్చి పంపే ఆప్షన్ ఉంటుంది, ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే ఆ ధార పంపే ఏర్పాటు) పక్కనే కనిపిస్తుంది. అది ఉంటే రాజాం గారి దారి ఖాయంగా ప్రయత్నించొచ్చు. పాత డబ్బాల్లో చాలావాటికి ఉండదు. ఇంకో సంగతి, ఆ పాత రౌటర్ పెట్టేది కింద ఓఎన్‌టీ పక్కనే, టీవీ పైన. శ్లాబ్ దాటి రాని వైఫై పేరు మార్చినంత మాత్రాన దాటదు.

రాజాం_రౌటర్

ఆ ఆఖరి పాయింట్ కరెక్టే, నేను పైన ఉంటుందనుకుని మాట్లాడాను 😅

చీపురుపల్లి_మాస్టారు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. డిష్ బాక్స్‌కి రౌటర్ పేరే కనపడటం లేదన్న దాని మీద ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, మావాడు వైఫై పేరు తెలుగులో పెట్టాడు. ఫోన్లో ముచ్చటగా కనపడింది, పాత బాక్స్‌లో మాత్రం పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు. నాగావళి గారూ, మీ పేరేమైనా తెలుగులో పెట్టారా?

నాగావళి_గట్టు

లేదు మాస్టారూ, ఇంగ్లీషులోనే, చిన్న పేరే. కానీ తెలుగులో పెట్టొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

చీపురుపల్లి_మాస్టారు

పెట్టొచ్చు, కానీ ఇరుకు. వైఫై పేరుకి 32 బైట్లే జాగా. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ, సున్నాకీ విడివిడిగా మూడేసి బైట్లు. "శ్రీకాకుళం" అని రాస్తే శ, పొల్లు, ర, దీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా, మొత్తం పది గుర్తులు, 30 బైట్లు. ఊరి పేరుతోనే జాగా అయిపోయింది, ఇంటి పేరుకి చోటు లేదు. విజయనగరం వాళ్లకి కాస్త నయం, 24తో సరిపోతుంది.

ఆమదాలవలస_ప్యాసింజర్

పొరుగు జిల్లా వాళ్లకి అన్నింట్లోనూ కలిసొస్తుంది. కోటా వాళ్లదే, సిరిమానూ వాళ్లదే, ఇప్పుడు బైట్లు కూడా మిగిలాయి.

మూడులాంతర్లు

😀 డిష్ బాక్స్ సంగతికి వద్దాం. లెక్క ఇలా పెట్టుకోండి. పేరే కనపడకపోతే చాలావరకు అది బ్యాండ్ లేదా ఛానల్ తగువు. పేరు కనపడి, పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా కలవకపోతే చాలావరకు సెక్యూరిటీ తగువు. కలిసి "ఇంటర్నెట్ లేదు" అంటే ఐపీ గానీ, బాక్స్‌లో గడియారం తప్పుగా ఉండటం గానీ.

పాత బాక్సుల్లో చాలావాటికి 2.4 ఒక్కటే వినపడుతుంది. అందులోనూ ఇక్కడ మనకి 1 నుంచి 13 దాకా ఛానళ్లుంటే, అమెరికా లాంటి చోట్ల కోసం తయారైన బాక్స్ 11 దాటి వెతకదు. మీ రౌటర్ ఆటోలో ఉండి 12కో 13కో వెళ్లి కూర్చుందంటే ఆ బాక్స్‌కి మీ ఇల్లే లేదు. 5లో కూడా అంతే, 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు రాడార్‌తో పంచుకునేవి, కొన్ని బాక్సులు అటు తొంగి కూడా చూడవు. 36 నుంచి 48 లోపు పెడితే ఎక్కువ బాక్సులకి దొరుకుతుంది.

రౌటర్ పేజీలోకి వెళ్లి ఏముందో ఇక్కడ పెట్టండి: 2.4 ఛానల్ ఎంత, వెడల్పు ఎంత, సెక్యూరిటీ ఏంటి, రెండు బ్యాండ్లకీ ఒకే పేరా.

నాగావళి_గట్టు

2.4: ఛానల్ ఆటో, ప్రస్తుతం 13. వెడల్పు 40. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3. పేరు రెండింటికీ ఒకటే, "స్మార్ట్ కనెక్ట్" ఆన్‌లో ఉంది. 5: ఛానల్ 100.

మూడులాంతర్లు

అన్నీ ఆ బాక్స్‌కి పడనివే ఏరుకుని పెట్టినట్టుంది ఆ రౌటర్ 🙂

స్మార్ట్ కనెక్ట్ ఆపండి. 2.4కి వేరే పేరు. ఛానల్ 1, 6, 11లో ఏదో ఒకటి, పక్కింటి వాళ్లు తక్కువగా ఉన్నది. ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు ఆ మూడే. వెడల్పు 20. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. ముందు ఛానల్ ఒక్కటే మార్చి చూడండి, తర్వాత సెక్యూరిటీ.

నాగావళి_గట్టు

6కి మార్చి సేవ్ కొట్టగానే పేరు లిస్టులో పడింది! కానీ పాస్‌వర్డ్ కొడితే "సేవ్ అయింది" అని ఊరుకుంది, కలవలేదు. డబ్ల్యూపీఏ2కి మార్చాక కలిసింది. అచ్చం మీరు చెప్పిన వరసలోనే. ఇప్పుడు యాప్‌లన్నీ ఆడుతున్నాయి.

రాజాం_రౌటర్

పని అయింది సరే, కానీ ఇల్లంతటి వైఫైనీ డబ్ల్యూపీఏ2కి దించడం నాకు నచ్చలేదు. డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది, డబ్ల్యూపీఏ2 2004 నాటిది. ఒక ముసలి బాక్స్ కోసం అందరం వెనక్కి పోవాలా?

మూడులాంతర్లు

అందరూ పోనక్కర్లేదు. 5కి డబ్ల్యూపీఏ3 ఉంచి, ఫోన్లు దానికి కలపొచ్చు, 2.4కి మాత్రం డబ్ల్యూపీఏ2. రౌటర్లో రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్ ఉంటే అదీ చూడొచ్చు, కొన్ని పాత బాక్సులు మిక్స్‌డ్‌కీ బెదురుతాయి. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌తో పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే ఇంటికి భయం లేదు. ఫోన్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టే ఇళ్లే ఎక్కువ మన వైపు, దానికి డబ్ల్యూపీఏ3 ఉన్నా పక్కింటి గుంటడు మొదటిసారికే కొట్టేస్తాడు. డబ్ల్యూఈపీ, టీకేఐపీ అని కనిపిస్తే మాత్రం వాటి జోలికి పోవద్దు.

బొబ్బిలి_వీణ

నాదీ ఇలాంటిదే, చెప్తారా. ఎవరో వీడియోలో "టీవీ బాక్సుల్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టండి, సేఫ్" అంటే అలాగే పెట్టాను. బాక్స్ బాగానే నడుస్తోంది గానీ, ఫోన్లో పాప ఫోటోలు టీవీ మీద వేద్దామంటే ఫోన్‌కి బాక్సే దొరకదు. ఇద్దరికీ ఇంటర్నెట్ ఉంది. మా అత్తగారు మనవరాలి ఫోటోలు పెద్ద తెర మీద చూస్తానని కూర్చున్నారు.

ఇంకోటి, బాక్స్‌కి హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడల్లా వైఫై పడిపోతుంది. తీసేస్తే వస్తుంది. ఇదేం మాయో.

చీపురుపల్లి_మాస్టారు

మొదటిది మాయ కాదమ్మా, గెస్ట్ నెట్‌వర్క్ పనే అది. వచ్చిన చుట్టం నెట్ వాడుకోవచ్చు గానీ ఇంట్లో మిగతా పరికరాల్ని చూడకూడదు, అందుకు దాన్ని విడగొడతారు. ఫోన్ ఒకవైపు, బాక్స్ ఇంకోవైపు ఉంటే కాస్టింగ్ జరగదు. బాక్స్‌ని మామూలు వైఫైకి మార్చండి. అలా మార్చాకా దొరకకపోతే రౌటర్లో ఏపీ ఐసొలేషన్ అనేది ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి.

రెండోది నిజంగానే తమాషా. మీ హార్డ్‌డిస్క్ పోర్టు లోపల నీలం రంగులో ఉందా? ఉంటే అది యూఎస్‌బీ 3.0. అది పనిచేసేటప్పుడు పుట్టే రేడియో గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పత్రం ప్రచురించారు. బాక్స్‌లో వైఫై యాంటెన్నా ఆ పోర్టుకి దగ్గర్లో ఉంటే ఇక అంతే. బాక్స్‌ని 5కి కలపండి, లేదా కాస్త పొడుగు, మంచి కేబుల్ వేసి డిస్క్‌ని దూరంగా జరపండి. బాక్స్‌కి నల్ల రంగు 2.0 పోర్టు ఉంటే అందులో పెట్టినా సినిమా ఆడటానికి సరిపోతుంది.

బొబ్బిలి_వీణ

నీలం రంగే మాస్టారూ! 5కి మార్చాను, డిస్కూ నడుస్తోంది, నెట్టూ నడుస్తోంది. ఫోటోలు కూడా వచ్చాయి. మా అత్తగారు మీ పేరు అడుగుతున్నారు.

ఉద్దానం_కొబ్బరి · కవిటి

మా వైపు పెద్ద కంపెనీ ఫైబర్ లేదండి, లోకల్ కేబుల్ ఆయనదే నెట్టు. తిత్లీ తుఫానుకి, అదే 2018 అక్టోబర్‌లో, తోటలు పోయాయి, స్తంభాలు పోయాయి, దానితోపాటు పాత లైన్లూ పోయాయి. ఆ తర్వాత వేసినవే ఇవి. మా సమస్య ఏంటంటే, ఫోన్ కలిపితే ముందు ఒక లాగిన్ పేజీ వస్తుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే నెట్ వస్తుంది. టీవీ బాక్స్‌లో ఆ పేజీ రాదు, "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అంటుంది. సొంత రౌటర్ కొంటే పోతుందా ఈ బాధ?

మూడులాంతర్లు

మీ విషయంలో సొంత రౌటరే మందు. కేబుల్ ఆయన్ని "పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి" అని అడగండి. ఇస్తే రౌటర్ వ్యాన్ (బయటి లైను) సెట్టింగ్స్‌లో ఒక్కసారి కొట్టేయండి, ఇక రౌటరే లాగిన్ అవుతుంది. లోపల ఫోన్ ఉందా, టీవీ బాక్స్ ఉందా అన్నది బయటికి తెలీదు, మొత్తం ఒకటే పరికరంలా కనపడుతుంది.

ఆయన "మాది పేజీ లాగినే, పీపీపీఓఈ లేదు" అంటే, రౌటర్ పెట్టాక ఫోన్‌లో ఆ పేజీ ఒకసారి కొడితే చాలు. రౌటర్ కింద ఉన్నవన్నీ దానితోపాటే దాటేస్తాయి, గడువు అయ్యాక మళ్లీ కొట్టుకోవాలి. కొంతమంది మ్యాక్ అడ్రస్‌కి, అంటే పరికరం సొంత గుర్తింపు నంబర్‌కి కట్టేస్తారు, పాత పరికరం మ్యాక్ తప్ప వేరేది రానివ్వరు. అప్పుడు పాత నంబర్‌నే చూపించడానికి రౌటర్లో మ్యాక్ క్లోన్ ఉంటుంది, లేదా ఆయనకే ఫోన్ చేసి కొత్త మ్యాక్ చెప్తే మార్చేస్తారు. చెప్పి చేయించుకోవడమే నయం, ఊళ్లో ఉన్నది ఆయన ఒక్కరే కదా, రేపు కరెంటు స్తంభం పడితే వచ్చేదీ ఆయనే.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. కరెంటు పోయి వచ్చినప్పుడు బాక్స్ ముందు లేస్తుంది, రౌటర్ లేచి లాగిన్ అయ్యేసరికి టైం పడుతుంది. బాక్స్ అప్పటికే విసిగి "నెట్ లేదు" అని కూర్చుంటుంది, గడియారం పాత తేదీలో ఉండిపోతుంది. తేదీ తప్పుంటే యాప్‌లు సర్టిఫికెట్ నమ్మవు, తెరుచుకోవు. అప్పుడు రౌటర్‌ని కెలక్కండి, బాక్స్‌ని ఒకసారి ఆపి వేయండి. 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి, అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి కొనుక్కుంటే రౌటర్ అసలు ఆగదు.

నాగావళి_గట్టు

మళ్లీ నా దగ్గరికి రండి బాబూ 🙂 ఫైబర్ బాక్స్ ఇంకా కిందే ఉంది. నాలుగో పోర్టు నుంచి పైకి ఇంకో కేబుల్ లాగుదామంటే గోడలో పైపు సన్నది, ఉన్న కేబుల్‌తోనే నిండిపోయింది. బయట గోడ మీంచి తెద్దామంటే నిన్నగాక మొన్న రంగులు వేయించాం, నాన్నగారు ఒప్పుకోరు.

రాజాం_రౌటర్

ఆ కేబుల్ మీదే రెండు వీల్యాన్‌లూ పంపొచ్చు. కింద ఒక మేనేజ్డ్ స్విచ్ (వీల్యాన్‌లు విడగొట్టగలిగే రకం), పైన ఒక మేనేజ్డ్ స్విచ్. కింద ఒక పోర్టుకి ఇంటర్నెట్, ఒక పోర్టుకి టీవీ, మధ్య కేబుల్ ట్రంక్, అంటే రెండింటినీ మోసేది. పైన మళ్లీ విడదీయడమే. గిగాబిట్ గిగాబిట్‌గానే ఉంటుంది. ఇది ప్రొఫెషనల్ పద్ధతి.

మూడులాంతర్లు

ఇది నూటికి నూరుపాళ్లు సరైన దారి, రాజాం గారికి ఒక టీ. ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్‌లు చూసుకోండి. ఖర్చు వద్దనుకుంటే చవక దారి ఇంకోటి ఉంది. నాగావళి గారూ, మీ ప్లాన్ స్పీడ్ ఎంత?

నాగావళి_గట్టు

100 ఎంబీపీఎస్.

మూడులాంతర్లు

అయితే వినండి. నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతలు, ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ నడవడానికి వాడేది రెండు జతలే, 1, 2, 3, 6 నంబర్ల తీగలు. మన వైపు కొట్టే వరసలో అవి నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమరంగు ఖాళీగా పడుంటాయి. వాటిని రెండో కనెక్షన్‌కి వాడుకోవచ్చు. ఆర్‌జే45 స్ప్లిటర్ అని జతగా అమ్ముతారు, కింద ఒకటి, పైన ఒకటి. కింద దాని రెండు నోళ్లలో ఒకదాంట్లో ఇంటర్నెట్ పోర్టు, ఇంకోదాంట్లో టీవీ పోర్టు. పైన ఒక నోరు మీ రౌటర్‌కి, ఇంకోటి టీవీ బాక్స్‌కి. రెండూ 100 చొప్పున నడుస్తాయి. బాక్సుల్లో చాలావాటికి పోర్టే 100 ఎంబీపీఎస్‌ది, దానికి ఏ లోటూ లేదు.

జాగ్రత్త, ఒకటే కొని రెండో వైపు మామూలుగా వదిలేస్తే పనిచేయదు, జత ఉండాలి. కొనేటప్పుడు లోపల తీగలు విడదీసిందో లేదో అడగండి, రెండు నోళ్లకీ అవే ఎనిమిది తీగలు కలిపేసిన రకం కూడా అదే పేరుతో అమ్ముతారు, అది దండగ. చేతిలో క్రింపింగ్ టూల్ ఉండి, చేయగలిగినవాళ్లు దొరికితే స్ప్లిటర్ కూడా అక్కర్లేదు. రెండు చివర్లా నారింజ, ఆకుపచ్చ ఒక కొనకి, నీలం, గోధుమ ఇంకో కొనకి 1, 2, 3, 6 స్థానాల్లోనే కొట్టేస్తే సరి.

రాజాం_రౌటర్

జుగాడ్ 😑 రేపు 300 ప్లాన్‌కి మారితే మళ్లీ 100 దగ్గరే ఆగిపోతుంది.

మూడులాంతర్లు

మారిన రోజు మీ స్విచ్‌లు కొంటారు, అప్పటికి ఇంకా చవక అవుతాయి.

నాగావళి_గట్టు

మాకు తెలిసిన కేబుల్ అబ్బాయి ఏడు రోడ్ల దగ్గర ఉంటాడు, సాయంత్రం వచ్చి కొట్టి వెళ్లాడు. టూల్‌తో కొట్టాక రెండు వైపులా టెస్టర్ పెట్టి లైట్లు వరసగా వెలిగేదాకా చూశాడు, ఒక చివర నీలం తీగ సరిగ్గా దిగలేదని ఆ కొన కోసేసి మళ్లీ కొట్టాడు. పైన బాక్స్‌కి 10తో మొదలయ్యే ఐపీ వచ్చింది, ఛానళ్లన్నీ ఉన్నాయి. రౌటర్ స్పీడ్ టెస్ట్‌లో 94 చూపిస్తోంది, కేబుల్ ముందు కూడా దాదాపు అంతే. ఒక్కటే లోటు, ఆ బాక్స్‌లో యూట్యూబ్ రాదు. బెడ్రూంలో డిష్ బాక్స్‌లో వస్తోంది కాబట్టి దాన్ని పట్టించుకోవడం మానేశాను.

మూడులాంతర్లు

94 అంటే 100 లైన్ మొత్తం వచ్చేసినట్టే, మిగతాది ప్యాకెట్ల పై ఖర్చు. యూట్యూబ్ కూడా అందులోనే కావాలంటే బాక్స్‌లో వైర్‌తోపాటు వైఫై కూడా ఒకేసారి ఆన్‌లో ఉంచనిస్తుందేమో చూడండి. కొన్ని బాక్సులు ఛానళ్లు వైర్ మీద, యాప్‌లు వైఫై మీద తీసుకుంటాయి. చాలావాటికి వైరు గుచ్చగానే వైఫై ఆగిపోతుంది.

నాగావళి_గట్టు

మాది ఆగిపోయే రకమే. పర్లేదు.

ఉద్దానం_కొబ్బరి

కేబుల్ ఆయన పీపీపీఓఈ వివరాలిచ్చాడు, రౌటర్ లాగిన్ అయింది, ఫోన్లలో నెట్ వచ్చింది, థాంక్స్ అండి. ఇప్పుడు టీవీ బాక్స్‌కి పాస్‌వర్డ్ కొడదామంటే, మా అబ్బాయి గట్టి పాస్‌వర్డ్ అని ఏవో గుర్తులన్నీ పెట్టాడు, రిమోట్‌తో తెర మీద కీబోర్డు అంతా తిరిగినా అందులో ఒక గుర్తు దొరకడం లేదు. వాడు విశాఖలో హాస్టల్లో ఉన్నాడు.

చీపురుపల్లి_మాస్టారు

కంప్యూటర్‌ది యూఎస్‌బీ కీబోర్డు ఏదైనా ఉంటే బాక్స్ వెనక గుచ్చి టైప్ చేయండి, ఎక్కువ ఆండ్రాయిడ్ బాక్సులు తీసుకుంటాయి. లేకపోతే రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ ఉందేమో చూడండి, అది నొక్కి రెండు నిమిషాల్లోపు బాక్స్‌లో కూడా డబ్ల్యూపీఎస్ అని నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండా కలుస్తుంది. కలిశాక రౌటర్ పేజీలో డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

ఉద్దానం_కొబ్బరి

పంచాయతీ ఆఫీసులో మా తోడల్లుడు ఉన్నాడు, కీబోర్డు అడిగి తెస్తాను.